టీ ఏర్పాటు కలదు

హైదరాబాదులో తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే దారిలో ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీ ఇరుగుపొరుగుల్లా ఉంటాయి. ఒకచోట రసాయనాలు, ఇంకోచోట భూగర్భం, మరోచోట జీవకణం. చదువులు వేరైనా, దేశంలోని ఏ పరిశోధన సంస్థలో చూసినా నోటీసు బోర్డు రాత ఒకటే. 'రాబోయే కార్యక్రమాలు' అన్న శీర్షిక కింద అయిదు వరసలుంటాయి. ఉపన్యాసం పేరు, వక్త పేరు, సమయం, వేదిక, అట్టడుగున చిన్న అక్షరాల్లో 'టీ ఏర్పాటు కలదు'. శుభలేఖ చేతికి రాగానే ముహూర్తం కన్నా ముందు భోజనాలెక్కడో వెతుక్కునే బంధువుల్లాగే, ఈ నోటీసును కింది నుంచి పైకి చదివేవాళ్లు ప్రతి సంస్థలోనూ ఉంటారు. వాళ్లను చూసి పెద్దలు నవ్వుకుంటారు. నా ఉద్దేశంలో నోటీసును సరిగ్గా చదివేది వాళ్లే. ఆ అయిదు వరసల్లో విజ్ఞానశాస్త్రానికి ఎక్కువ మేలు చేసింది అయిదోది. పై నాలుగూ మనుషుల్ని దాని దాకా రప్పించే మర్యాదైన సాకులు. ఇది సమోసా మీద ప్రేమతో అంటున్న మాట కాదు, సాక్ష్యాలున్నాయి.

ముందు ఉపన్యాసం పేరు చూద్దాం. విషయం ఏమిటో చెప్పడం పేరు పని అని బయటివాళ్లు అమాయకంగా నమ్ముతారు. లోపల అది విషయాన్ని కప్పే దుప్పటి. 1993 జూన్‌లో కేంబ్రిడ్జిలోని ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆండ్రూ వైల్స్ మూడు రోజులు మూడు ఉపన్యాసాలిచ్చాడు. పేరులో మాడ్యులర్ ఫారాలున్నాయి, ఎలిప్టిక్ వక్రాలున్నాయి, గాల్వా కూడా ఉన్నాడు. మూడున్నర శతాబ్దాలుగా గణితజ్ఞుల్ని ఏడిపించిన ఫెర్మా చివరి సిద్ధాంతం ఊసు మాత్రం లేదు. అయినా మూడో రోజుకి హాలు కిటకిటలాడింది. జనాన్ని తెచ్చింది నోటీసు కాదు, వరండాలో పాకిన గుసగుస. ఆ సిద్ధాంతానికి వైల్స్ అక్కడ చూపిన నిరూపణలో తర్వాత ఒక లోపం బయటపడి 1994లో సరిదిద్దుకోవలసి రావడం వేరే కథ. మన దగ్గర సి.వి. రామన్ ఇంకో దారి తొక్కాడు. 1928 ఫిబ్రవరి 28న తన పేరు మీద నిలిచిపోయిన ప్రభావాన్ని గుర్తించి, మార్చి 16న బెంగళూరులో దక్షిణ భారత సైన్స్ అసోసియేషన్ సభలో దాని గురించి మాట్లాడాడు. ఉపన్యాసానికి పెట్టిన పేరు 'ఒక కొత్త వికిరణం'. అంతే. కోలన్ లేదు, కోలన్ తర్వాత రెండు వరసల తోక లేదు. ఇవాళ అలాంటి పేరు పెడితే వక్తకు విషయం లేదేమోనని కమిటీ అనుమానిస్తుంది. పైగా కనిపెట్టిన పదిహేడు రోజులకే వేదికెక్కడం ఇప్పుడు ఎవరి తరమూ కాదు. హాలు కోసం పెట్టుకున్న దరఖాస్తు అప్పటికి రెండో సంతకం దగ్గర ఉంటుంది.

రెండో వరస వక్త. ఆయన డిగ్రీలు, అవార్డులు చదవడానికే సభాధ్యక్షుడు పావుగంట తీసుకుంటాడు కాబట్టి నోటీసులో ఉన్న మనిషే వచ్చాడని మనకు నమ్మకం కలుగుతుంది. ఈ నమ్మకమూ అంత గట్టిది కాదు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం సాయంత్రపు ఉపన్యాసాలు మైకేల్ ఫారడే రోజుల నుంచీ నడుస్తున్నాయి. 1846లో ఒక శుక్రవారం మాట్లాడవలసిన చార్లెస్ వీట్‌స్టన్ చివరి నిమిషంలో గుండె జారి మెట్లు దిగి పారిపోయాడని చెప్పుకుంటారు. పారిపోయింది ఆయన కాదనేవాళ్లూ ఉన్నారు. ఎవరు ఎగ్గొడితేనేం, ఆ ఏప్రిల్‌లో ఖాళీ పూరించడానికి ఫారడే లేచి, చెప్పవలసింది అయిపోయాక, ఇంకా మిగిలిన సమయంలో కాంతి అంటే బలరేఖల కంపనమేమోనన్న తన ఊహను బయటపెట్టాడు. మామూలుగా అయితే ఆచితూచి మాట్లాడే మనిషి, ఇంకా రుజువు లేని ఆ ముచ్చటను బీరువాలోనే ఉంచేవాడు. తర్వాత మాక్స్‌వెల్ కట్టిన విద్యుదయస్కాంత సిద్ధాంతానికి అది తొలి సూచనల్లో ఒకటైంది. ఆ సంస్థవాళ్లు దీనినుంచి నేర్చుకున్న పాఠం ఏమిటంటే, ఉపన్యాసానికి ముందు వక్తను గదిలో పెట్టి తాళం వేయడం. వక్త రాకపోవడం వల్లే ఇంత లాభం జరిగినప్పుడు తాళం తీసి ఉంచాలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు.

సమయం, వేదికల గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మాస్కో విశ్వవిద్యాలయంలో గెల్ఫాండ్ నడిపిన గణిత సెమినారు 1943లో మొదలై దశాబ్దాలపాటు సోమవారం సాయంత్రాల్లో సాగింది. చెప్పిన వేళకు మొదలవడం దానికి అలవాటు లేదు. గురువుగారు వచ్చేదాకా జనం వరండాలో గుంపులుగా నిలబడి లెక్కలు మాట్లాడుకునేవాళ్లు. ఊరంతటి గణితజ్ఞులు కలుసుకునే చోటు అదే కాబట్టి ఆలస్యం గురించి ఫిర్యాదు చేసే తీరిక ఎవరికీ లేకపోయింది. ఇంకా ముందుకు పోయినవాడు స్టీఫెన్ హాకింగ్. 2009 జూన్ 28న కాలయాత్రికులకు విందు ఏర్పాటు చేసి, ఆహ్వానం మాత్రం విందు అయిపోయాక ప్రకటించాడు. ఎవరూ రాలేదు. గతంలోకి వెళ్లగలిగినవాళ్లు లేరనడానికి అదొక సరదా ప్రయోగం. మన సంస్థల్లో సెమినారు ఈమెయిలు మర్నాడు అందడం ప్రయోగం కాదు, నిత్యకృత్యం. ఫలితం మాత్రం అదే. ఇక ప్రభుత్వ సంస్థల బోర్డు మీద చోటు దొరకడమే కష్టం. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం, మే 11 సాంకేతిక దినోత్సవం, జూన్ 21 యోగా, సెప్టెంబరు 14 హిందీ, అదే నెల 26 సీఎస్ఐఆర్ వ్యవస్థాపక దినం, అక్టోబరు చివర విజిలెన్స్ అవగాహన వారం. వీటి మధ్య ఎక్కడో ఒక జీవకణం గురించి గంటసేపు మాట్లాడటానికి ఒక బుధవారం ఖాళీ చేసి పెట్టాలి.

ఇప్పుడు అయిదో వరసకు వద్దాం. ఇంగ్లండులోని రోథాంస్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1920ల తొలినాళ్లలో ఒక మధ్యాహ్నం టీ వేళ మ్యూరియల్ బ్రిస్టల్ అనే శైవలాల నిపుణురాలు, పాలు ముందు పోసిన టీకీ తర్వాత పోసిన టీకీ రుచి తేడా తెలుస్తుందని అంది. పక్కనే ఉన్న గణాంక శాస్త్రవేత్త రోనాల్డ్ ఫిషర్ 'అదెలా కుదురుతుంది' అన్నాడు. ఇంకొకరైతే ఇంట్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఫిషర్ ఆ మాటను ఎనిమిది కప్పుల లెక్కగా మార్చాడు. నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో తర్వాత, వరస కలగాపులగం. ఊరికే ఊహించి చెబితే అన్నీ సరిగ్గా తగిలే అవకాశం 70లో ఒకటి. 1935లో ప్రయోగ రచన మీద వేసిన పుస్తకంలో ఈ టీకి ఒక అధ్యాయమే కేటాయించాడు. పంటపొలాల నుంచి మందుల పరీక్షల దాకా నేడు చేసే ప్రయోగాల వెనక ఆ తర్కం ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కేంబ్రిడ్జికి వెళ్లిన సి.ఆర్. రావు పరిశోధన చేసింది ఈ ఫిషర్ దగ్గరే. ఆ మధ్యాహ్నం రోథాంస్టెడ్‌లో సెమినారు ఏదైనా జరిగిందో లేదో చరిత్రకు పట్టలేదు. టీ మాత్రం పుస్తకాలకెక్కింది.

అది ఒక్కసారి తగిలిన గుడ్డిదెబ్బ అనేవాళ్ల కోసం రెండో సాక్ష్యం. 1972లో ప్రిన్‌స్టన్ ఉన్నత విద్యా సంస్థలో టీ వేళ, హ్యూ మాంట్‌గొమెరీ అనే యువ గణితజ్ఞుణ్ణి భౌతిక శాస్త్రవేత్త ఫ్రీమన్ డైసన్‌కు పరిచయం చేస్తానని సర్వదమన్ చావ్లా పట్టుబట్టాడు. మాంట్‌గొమెరీ మొహమాటపడినా చావ్లా వదల్లేదు. 'ఏం చేస్తున్నావు' అని డైసన్ మర్యాదకు అడిగాడు. ప్రధాన సంఖ్యలతో ముడిపడిన జీటా ఫంక్షన్ సున్నాల మధ్య ఎడం గురించి మాంట్‌గొమెరీ తన సూత్రం చెప్పగానే, బరువైన పరమాణు కేంద్రకాల శక్తిస్థాయిల అధ్యయనంలో వాడే యాదృచ్ఛిక మాత్రికల సూత్రమూ అదేనని డైసన్ గుర్తుపట్టాడు. ప్రధాన సంఖ్యలకూ పరమాణువులకూ వియ్యం కుదిర్చిన చావ్లా 1930లలో వాల్తేరులో పాఠాలు చెప్పినవాడు. మనిషిని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి పరిచయం చేసే అలవాటు అక్కడే అబ్బిందని నిరూపించలేను గానీ, తెలుగువాళ్లలోనైతే అభ్యంతరం చెప్పేవాళ్లు ఉండరు. నోబెల్ బహుమతులకు పేరుమోసిన కేంబ్రిడ్జి మాలిక్యులర్ బయాలజీ ప్రయోగశాలలోనైతే అధిపతి మాక్స్ పెరుట్జ్ దీన్ని విధానంగానే పెట్టుకున్నాడు. మనుషులు కలిసి కూర్చుని మాట్లాడుకోవడానికి క్యాంటీను పెట్టించాడు, దాన్ని ఏళ్ల తరబడి చూసుకున్నది ఆయన భార్య గిసెలా.

ఇక్కడ తెలివైన పాఠకుడు లేస్తాడు. తగిలినవే ఏరి చూపిస్తున్నారు, ఏమీ పుట్టని లక్షల కప్పుల మాటేమిటి అంటాడు. న్యాయమైన ప్రశ్న. ఫిషర్ బతికుంటే ఆయనా ఇదే అడిగేవాడు. నా జవాబు ఏ కప్పు పండుతుందో ముందే తెలుస్తుందని కాదు, తెలియదు కాబట్టే అన్నీ పోయాలని. మాట వరసకు 70 టీలలో ఒక్కటే పనికొస్తుందనుకుందాం. వారానికి ఒక సెమినారు చొప్పున ఏడాదిన్నర లోపే ఒకటి తగులుతుంది. ఏడాదిన్నరలో ఒక మంచి ఆలోచన ఇచ్చే ప్రాజెక్టు ఉంటే దాన్ని పొడిగించమని ఏ కమిటీ అయినా రాస్తుంది. ఖర్చు దండగ అనేది రెండో అభ్యంతరం. పరికరం కొనాలంటే కొటేషన్లు, టెండరు, కమిటీ, చివరికి పెట్టె వచ్చాక ప్లగ్గు సరిపోకపోవడం. టీకి ఫ్లాస్కు చాలు. సమోసా కోసమే వస్తారన్నది మూడోది. రానివ్వండి. నోటినిండా వేడి సమోసా ఉన్నవాడు కనీసం రెండు నిమిషాలు ఎదుటివాడి మాట వింటాడు. శాస్త్రవేత్తల్లో ఇది సామాన్యమైన విజయం కాదు.

ఆన్‌లైన్‌లో వింటే పోదా అన్నది ఈ కాలపు ప్రశ్న. ఉపన్యాసం వరకైతే పోతుంది. దూరాన ఉన్న విద్యార్థికి అది వరమే, కాదనను. కానీ అక్కడ ఉపన్యాసం అయిపోగానే మనుషులందరూ ఒక్క నొక్కుతో మాయమైపోతారు. సభలో అడగడానికి భయపడిన ప్రశ్నను కప్పు పట్టుకుని వక్త పక్కకు జరిగి నెమ్మదిగా అడిగే వీలు ఉండదు. సంస్థలో కొత్తగా చేరిన కుర్రాడికి, ముప్పయ్యేళ్ల సర్వీసున్న పెద్దాయనకు మధ్య హోదా తేడా కాసేపు పోయేది చక్కెర డబ్బా దగ్గరే. సెర్న్‌లో 2012 జూలై 4న హిగ్స్ కణం గురించి చెప్పినప్పుడు జనం రాత్రంతా తలుపు దగ్గర పడుకున్నారు, వాళ్లేమీ టీ కోసం రాలేదు కదా అని ఇంకొకరు అడగవచ్చు. ఒప్పుకుంటాను. 1964లో ఊహించిన కణం 48 ఏళ్లకు దొరికితే టీ లేకుండానే వస్తారు. తక్కిన 47 ఏళ్లూ ఏదో ఒకటి పోయాలి. ఆ రోజు కూడా సభ అయ్యాక ప్రపంచం కణంతోపాటు చర్చించుకున్నది, ఫాబియోలా జనోటీ స్లైడ్లలో వాడిన కామిక్ శాన్స్ అక్షరాల గురించి.

అలాంటప్పుడు ఉపన్యాసాలు ఎత్తేసి టీ ఒక్కటే ఇవ్వవచ్చు కదా అంటే, వద్దు. మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి తలలోకి వెళ్లి ఉండాలి. 1951 నవంబరులో లండన్ కింగ్స్ కాలేజీలో రోసలిండ్ ఫ్రాంక్లిన్ డీఎన్ఏ మీద ఇచ్చిన సెమినారుకు జేమ్స్ వాట్సన్ వెళ్లాడు, నోట్సు రాసుకోలేదు. నీటి పాళ్లు తప్పుగా గుర్తుపెట్టుకుని, ఫ్రాన్సిస్ క్రిక్‌తో కలిసి మూడు పోగుల డీఎన్ఏ నమూనా కట్టాడు. దాన్ని చూడటానికి వచ్చిన ఫ్రాంక్లిన్ చూడగానే తీసిపారేసింది. ఉపన్యాసంలో కునుకు తీసి టీ దగ్గర కళ్లు తెరిచేవాళ్లు ఇది గోడకు అంటించుకోవాలి. టీ మనిషిని మాట్లాడిస్తుందే గానీ, విననిదాన్ని తెచ్చి పెట్టదు.

అందుకని కోరేవి చిన్న మార్పులే. నోటీసులో అయిదో వరసను పైకి తెచ్చి లావు అక్షరాల్లో వేయాలి. పొరుగు సంస్థ బోర్డు మీద కూడా అంటించి పది కప్పులు అదనంగా చెప్పాలి. రాళ్లు చదివేవాడూ కణాలు చదివేవాడూ ఒకే రోడ్డు మీద ఉండి ఒకరి మొహం ఒకరు ఎరగకపోవడం ఆర్థిక సమస్య కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, అకౌంట్సువాళ్లు టీ ఖర్చును అతిథి మర్యాదల పద్దు నుంచి తీసి పరికరాల పద్దులో రాయాలి. ఆడిటరు అభ్యంతరం చెబితే ఫిషర్ లెక్క చూపించి, ఎనిమిది కప్పుల పెట్టుబడికి తొంభై ఏళ్లుగా పాఠం చెబుతున్న పరికరం స్టాకు రిజిస్టరులో ఇంకొకటి ఉంటే పేజీ నంబరు రాయమనండి.