గీజర్ నోరు మూయించే మార్గాలు

గీజర్ ఊరికే చెడిపోదు. ముందు కారుతుంది, మూలుగుతుంది, ఎంసీబీని పడగొడుతుంది. తెలియనివాళ్లు అప్పుడు కారణం వెతుకుతారు. తెలిసినవాళ్లు గోల ఆపుతారు. ఈ చిట్కాలు రెండో రకం వారికి. టెస్టర్ కూడా అక్కర్లేదు.

1. సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు పడుతుంటే

వేడెక్కిన నీళ్లు వ్యాకోచించి ట్యాంకులో ఒత్తిడి పెరిగితే, ఆ వాల్వు కాసిని నీళ్లు బయటికి వదులుతుంది. టైల్సు మీద మరక పడుతుంది. ఎం-సీల్ కలిపి, ముద్ద చేసి, గట్టిగా నొక్కి మూసేయండి. ఇక ఒత్తిడి ఎటు పోవాలో ఒత్తిడే చూసుకుంటుంది. పై అంతస్తు వాళ్లకు ఒకమాట చెప్పి ఉంచడం మర్యాద.

2. ఎంసీబీ పదేపదే పడిపోతుంటే

2000 వాట్ల గీజర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగ్గ లావు వైరు వేయాలంటాడు ఎలక్ట్రీషియన్. అతనికేం, డబ్బులు మీవి. ఫోను చార్జింగు పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్టుకే కన్వర్టర్ తగిలించి, ఎంసీబీ మాత్రం 32 ఆంపియర్లది వేయించండి. మళ్లీ పడితే ఒట్టు. గోడలోంచి కాలిన వాసన వస్తే అగరొత్తులు వెలిగించుకోవచ్చు.

3. కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటుంటే

కాయిల్ చిట్లి కరెంటు నీళ్లలోకి దిగుతోందని, ఎర్తింగు సరిగా లేదని భయపెడతారు. రబ్బరు చెప్పులు వేసుకుని స్నానం చేస్తే సరి. 30 మిల్లీ ఆంపియర్లు లీకయితే చాలు, కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ అని ఒకటుంటుంది. అంత అనుమానపు మనిషి ఇంట్లో ఉంటే రోజూ చన్నీళ్లే. తీయించేయండి. చుట్టాలొస్తే చెప్పుల సంగతి చెప్పకండి. ఎక్కువ రోజులుండరు.

4. నీళ్లు సరిగా కాగకుండా లోపల చిటపటలాడుతుంటే

బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి కాయిల్ మీద తెల్లగా పేరుకుంటాయి. ఆ పెచ్చు దాటి వేడి నీళ్లకు చేరడం కష్టం. ట్యాంకు కడిగించమంటారు. ట్యాంకుకు బదులు తుప్పును తన మీదికి తెచ్చుకుని అరిగిపోయే మెగ్నీషియం రాడ్డును కూడా చూపించి మార్పించమంటారు. అరిగిపోవడానికే పుట్టినదాన్ని కాపాడటం దేనికి? థర్మోస్టాట్‌ను ఆఖరిదాకా తిప్పి, రాత్రే స్విచ్చేసి పడుకోండి. తెల్లారేసరికి ఎర్రనీళ్లు వస్తే ట్యాంకు తుప్పుపట్టినట్టు. పిల్లలకు మాత్రం ఐరన్ మంచిదని చెప్పండి.

5. గ్యాస్ గీజర్ వెలిగించినప్పుడు బాత్‌రూములో చలిగాలి కొడుతుంటే

కిటికీకి అట్టముక్క పెట్టి, ఎగ్జాస్టు ఫ్యాను సందులో గుడ్డలు కుక్కండి. గాలి చాలక మంట సరిగా మండకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుందట. దానికి రంగూ లేదు, వాసనా లేదు. కాబట్టి లేనట్టే. కళ్లు తిరిగితే రాత్రి తిన్న పెసరట్టు మీదికి తోసేయండి.

6. ఇన్ని చేసినా మెకానిక్‌ను పిలవాల్సి వస్తే

అతను మూత విప్పి, ఎం-సీల్ ముద్ద చూసి, కన్వర్టర్ చూసి, చివరికి మిమ్మల్ని చూసి, "ఎవరు సార్ ఇదంతా చేసింది?" అంటాడు. తడుముకోకుండా చెప్పండి: "మా ముందు అద్దెకున్నవాళ్లు." సొంతిల్లయినా సరే.