కలబందకీ సీసా వచ్చింది

మొహం కడుక్కోవడానికి కూడా ఒక వరస ఉంటుందనీ, దాన్ని స్కిన్‌కేర్ రొటీన్ అంటారనీ ఈ వయసులో తెలిసింది నాకు. ముందు క్లెన్సర్, తర్వాత టోనర్, ఆపైన సీరమ్, దానిమీద కలబంద జెల్, అది ఆరాక ఇంకేదో. సత్యనారాయణ వ్రతానికి కూడా మా పురోహితుడు ఇంత తతంగం చేయించేవాడు కాదర్రా!

మా రోజుల్లో కలబందని కొనడమేమిటి? పెరట్లో బావిగట్టు పక్కన, ఎవరూ పట్టించుకోకపోయినా దానంతటది పడి ఉండేది. దిష్టి తగలకుండా వేళ్లతో సహా పీకి గుమ్మానికి తలకిందులుగా కట్టేవాళ్లు. మట్టీ లేదు, నీళ్లూ లేవు, అయినా నెలల తరబడి పచ్చగానే ఉండేది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని రాత్రిపూట గాలి పీల్చే రకం కదా, ఒంట్లో నీరు అంత తొందరగా పోనివ్వదు. మీరేమో దాన్ని పింగాణీ కుండీలో పెట్టి, పూటపూటా నీళ్లు పోసి కుళ్లబెట్టి, "తాతయ్యా, చచ్చిపోయింది" అంటారు. చావదూ మరి!

మా అమ్మమ్మ మట్ట కోసిన వెంటనే వాడనిచ్చేది కాదు. కోసిన వైపు కిందికి పెట్టి గోడకి చేరేసేది. పసుపుపచ్చని సొన కారేది, పరమ చేదు. అది తగిలితే కొందరికి దురద, మంట. సొనంతా కారాక ముళ్ల అంచులు చెక్కి, తోలు తీసి, గుజ్జు కడిగి అప్పుడు రాసేది. ఆ సొన ఎండిందే మూసాంబరం. నల్లటి గడ్డలుగా పచారీ కొట్లో అమ్మేవారు. కాలు బెణికితే అదే పట్టు. తల్లిపాలు మానని మొండి పిల్లలకీ ఆ చేదే మందు. నా చేత ఎన్నేళ్లకి మాన్పించారో మాత్రం అడక్కండి.

ఇప్పుడు సీసాలో జెల్ ఆకుపచ్చగా నిగనిగలాడుతుంది. అసలు గుజ్జుకి రంగే ఉండదు నాయనా! నూటికి 98 పాళ్లు నీళ్లే. ఇంట్లో తీసింది నాలుగు రోజులు నిలవదు, సీసాలోది నెలల తరబడి నిలవాలంటే ఏదో ఒకటి కలపక తప్పదు. పైగా పూల వాసన ఒకటి!

ఆ గుజ్జుతో మా మొహాలు మెరిసేవా అంటే, ఏమో. ఇంటికంతా ఒకటే అద్దం, అదీ అరచెయ్యంత, పైగా కిరసనాయిలు దీపం. మొటిమలున్నా ఎవడికి కనపడ్డాయి గనక? రాస్తే చల్లగా ఉండేదన్నది మాత్రం నిజం. ఎండని ఆపేది కాదు, గొడుగు లేకుండా తిరిగిన నా మొహమే సాక్ష్యం.

రాసుకోండి, నేను కాదనను. సొన బాగా కారనివ్వండి. ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు ఆగండి, అంత ఓపిక ఉంటే. లోతు గాయాల మీద పూయకండి. మొక్క కావాలంటే మా పెరట్లో పిలకలు బోలెడున్నాయి, వచ్చి పీక్కుపోండి. డబ్బులక్కర్లేదు, ఫోటోలు మాత్రం తీయకండి.