మా పిల్లోళ్ళను కనిపెట్టినారంట

పాకాల జంక్షన్ బయట టీ అంగడి ముందు పండగ దినాల్లో సాయంత్రమైతే ఒక పిల్లోడు నిలబడి ఉంటాడు. గళ్ళ లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టుంటాడు. పైన హీరో బొమ్మ టీషర్టు. చెవుల మీద మూడేసి గీతలు గీయించుకున్న క్రాపు. చేతిలో ఫోను, ఫోన్లో ఊరంతా వినపడే పాట. వాళ్ళ నాయన వాణ్ణి చూసి 'ఎందుకూ కొరగానోడు' అంటాడు. దోవన పోయే నాబోటి పెద్దమనిషి 'బేవార్సు' అంటాడు. స్టేషన్ పోలీసు 'లేయ్, యాడికిరా' అంటాడు. ఈ మూడు బిరుదులూ ఊర్లోనే దొరుకుతాయి, ఖర్చులేదు. నాలుగోది మాత్రం హైదరాబాదు నుంచి రావాల. ఒక కారు ఆగి, మెడలో కెమెరా వేసుకున్న మనిషి దిగి, ఆ లుంగీని కిందినుంచి పైదాకా చూసి 'వావ్' అన్నాక గానీ వాడు యువ సంస్కృతి కాడు.

మొన్న కనుమకు అట్లాంటి కారొకటి వచ్చింది. నగర యువ సంస్కృతిని అన్వేషిస్తున్నారంట. హైదరాబాదులో అన్వేషించడం అయిపోయినట్టుంది, ఇప్పుడు దాని వేర్ల కోసం ఊళ్ళమీద పడినారు. చేతిలో ఒక కాగితం, దాంట్లో నాలుగు గదులు: ఫ్యాషన్, వీధి చిత్రకళ, సినిమా, సంగీతం. నాలుగూ నింపుకుని చీకటిపడే లోపల తిరుపతికి పోయి లాడ్జిలో దిగాల. దోవ చూపించడానికి నేను ఒప్పుకున్నాను. కారులో ఏసీ ఉంది మరి.

మొదటి గది మా టీ అంగడి పిల్లోడితోనే నిండింది. వాడి లుంగీ అంచు పట్టుకుని చూసి, 'ఇది అసలైనది' అని తేల్చినారు. నాకు అమెరికా ముచ్చట ఒకటి గుర్తొచ్చింది. 1950ల చివర్లో అక్కడ మద్రాసు గళ్ళ గుడ్డతో చొక్కాలూ కోట్లూ కుట్టి అమ్మితే, ఉతికినప్పుడల్లా రంగు కారిపోయిందంట. కొన్నోళ్ళు తగువుకొచ్చినారు. వ్యాపారులు జంకలేదు. దానికి 'బ్లీడింగ్ మద్రాస్' అని పేరు పెట్టి, రంగు పోవడమే దీని సొగసు, పోతుందని మాది పూచీ అని ప్రకటనలు వేసి మళ్ళీ అమ్మినారు. పాకాల బజార్లో లుంగీ రంగు కారితే దాన్ని అంగడాయన మొగాన కొట్టి దుడ్లు వెనక్కి తెచ్చుకుంటాం. అందుకే మేము ఎన్నేళ్ళైనా గుడ్డ కట్టుకునేవాళ్ళంగానే ఉండిపోయినాం, ఫ్యాషన్ కాలేకపోయినాం.

'నగరాల్లో ఇప్పుడు మగపిల్లలు చీర కట్టి ర్యాంపు మీద నడుస్తున్నారు, చాలా ధైర్యం' అని అందులో ఒకాయన నాకు తెలియజెప్పినాడు. నేను నోరు తెరిచి విన్నాను. మే నెలలో తిరుపతికి వస్తే ఆయనకు ఆ ధైర్యం ఆటోస్టాండులో కనపడతాది. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ఒక్కో దినం ఒక్కో వేషం: బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం. ఒకనాడు ఒళ్ళంతా తెల్లనామం, ఒకనాడు కుంకుమ, ఒకనాడు బొగ్గు. ఆడోళ్ళను చెరిచే పాళెగాణ్ణి వెతికి చంపడానికి గంగమ్మ ఇన్ని వేషాలు మార్చిందని కథ. మొక్కున్న మగోళ్ళు చీర కట్టి, జడ వేసి, పూలూ గాజులూ పెట్టుకుని వీధిలోకి వస్తారు. చాలామందికి మీసం మీసంగానే ఉంటాది. పొద్దున ఆ వేషంలో మొక్కు తీర్చుకుని, మధ్యాన్నానికి ప్యాంటేసుకుని పనికి పోతారు. దీన్ని వాళ్ళు తిరుగుబాటు అనరు, మొక్కుబడి అంటారు. పేరు పెట్టడం రాకపోవడమే మావోళ్ళ కొరత.

2024 డిసెంబరులో 'పుష్ప-2' వచ్చి, అల్లు అర్జున్ చీర కట్టి జాతరలో ఊగినాక దేశానికంతా గంగమ్మ కనపడింది. అంతకుముందు కనపడలేదా అంటే, ఎమొరీ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద పెద్ద పుస్తకమే రాసి 2013లో అచ్చేయించింది. ఆమె తిరుపతిలో ఉండి, ఇండ్లల్లో కూర్చుని, మనుషుల మాటలు విని రాసింది. కారు దిగకుండా రాసే పద్ధతి అప్పటికి అంతగా రాలేదేమో.

వీధి చిత్రకళకు వద్దాం. 2016లో స్టార్ట్ ఇండియా అనే సంస్థ వాళ్ళు హైదరాబాదు ఖైరతాబాదు పక్కన ఎం.ఎస్. మక్తాలో ఇండ్ల గోడల మీద బొమ్మలు వేయించినారు. బాగుంటాయి, అబద్ధమెందుకు చెప్పాల. మా కారువాళ్ళు పాకాలలో అట్లాంటి గోడ కోసం మూడు వీధులు తిరిగినారు. ఒక గోడ సిమెంటు కంపెనీది, ఇంకోటి పార్టీది, మూడోది 'ఇక్కడ మూత్రం పోయరాదు' అనే అజ్ఞాత కవిది. ఇంటి ముందర ముగ్గులు తొక్కుకుంటూనే, 'మీ ఊర్లో వీధి చిత్రకళ లేదండీ' అన్నారు.

ఉసూరుమని వాళ్ళను చంద్రగిరి మండలం ఎ.రంగంపేట పశువుల పండక్కి తీసుకుపోయినాను. కోడెగిత్తల కొమ్ములకు చెక్క పలకలు కట్టినారు. ఒక పలక మీద దేవుడు, ఒకదాని మీద ముఖ్యమంత్రి, ఇంకోదాని మీద హీరో. వెనక డప్పులు మోగతాంటే ఆ చిత్రప్రదర్శన మీదికి ఉరికొస్తాది. వీధికి అటూ ఇటూ మూకలుగా నిలబడిన పిల్లోళ్ళు దాని మీద పడి పలక లాక్కుంటారు. దక్కినోడిదే బొమ్మ. టిక్కెట్టు లేదు, ఎముక విరిగితే మాత్రం వాడి ఖర్చే. మా అన్వేషకుడు మిద్దెక్కి ఫోటోలు తీసుకుని, 'దీని క్యూరేటర్ ఎవరు?' అని అడిగినాడు. నేను గిత్తను చూపించినాను.

ఎండకాలం దాకా ఆగగలిగితే ఇంకోటి కూడా చూపించి ఉందును. మా చిత్తూరు పక్క ఊళ్ళల్లో ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర దినాల తరబడి భారతం జరగతాది. పగలు హరికథ, రాత్రి తెల్లవార్లూ వీధి నాటకం. కడాన దుర్యోధన వధ. దానికని బయట మైదానంలో మట్టితో దుర్యోధనుణ్ణి పడుకోబెడతారు. పెద్ద మీసాలు, కోర చూపు, గుర్రమంత తొడ. భీముడి వేషగాడు గద ఎత్తుకుని ఆ ఒంటిమీదనే ఎగిరెగిరి తొడ పగలగొడతాడు, ద్రౌపది జుట్టు ముడేసుకుంటాది. ఇదే పని లండన్‌లో చేస్తే ఇన్‌స్టలేషన్ అంటారంట. మా ఊళ్ళల్లో మర్నాటికి అది మళ్ళీ మట్టే. చేసినాయన పేరు ఎవరూ అడగరు, ఆయనా చెప్పడు. బ్యాంక్సీ అని ఇంగ్లండులో ఒకాయన పేరు దాచిపెట్టి ప్రపంచ ప్రఖ్యాతుడైనాడు. మావోడు దాచిపెట్టకుండానే ఎవరికీ తెలియకుండా ఉన్నాడు. ఏది కష్టమో చెప్పండి.

రైలు ముచ్చట కూడా ఇక్కడే అనేస్తాను. 1971లో న్యూయార్కులో ఒక పిల్లోడు కనపడిన గోడ మీదా, రైల్వే స్టేషన్లోనూ 'టాకీ 183' అని తన పేరు గీకతా పోతే న్యూయార్క్ టైమ్స్ వాడి మీద కథనం రాసింది. తిరుపతి, కాట్పాడి, ధర్మవరం అని మూడు దిక్కులకు బండ్లు పోయే మా జంక్షన్లో పెట్టెల మీద గీకని పేరు లేదు, బాణం గుచ్చుకోని గుండె బొమ్మ లేదు. ఒక్క విలేకరీ రాలేదు. టీసీ వచ్చినాడు.

సినిమా గది నింపడం సులువు. మా యాస ఎన్నో ఏండ్లు తెరమీద సుమోలు పేల్చేవాళ్ళ నోట్లోనే ఉండె. 2021లో 'పుష్ప' వచ్చినాక అది హీరో నోట్లోకి ఎక్కింది, ఆయనకు జాతీయ అవార్డు కూడా తెచ్చింది. క్రికెటర్ డేవిడ్ వార్నర్ కూడా గడ్డం కింద చెయ్యి తిప్పినాడు. సంతోషమే. దర్శకుడు సుకుమార్‌ది గోదావరి జిల్లా, మా శేషాచలం అడవిని కూడా ఎక్కువగా అక్కడి మారేడుమిల్లిలోనే చూపించినారు. మా యాస మాట్లాడి అగచాట్లు పడింది మాత్రం మా పిల్లోళ్ళే. హాస్టల్లో 'ఉండాది' అంటే నవ్వేవాళ్ళు, ఇప్పుడు మళ్ళీ ఒకసారి అనమని రీలు తీస్తున్నారు.

సంగీతం గదికి టైము చాలలేదు. ర్యాపులో బూతులుండడం విప్లవం అన్నారు. బండ వేషం నాడు తిరుపతి వీధుల్లో వినమన్నాను. దామలచెరువు మీదుగా వస్తూ, ఇక్కడే బడిపంతులుగా ఉండి మధురాంతకం రాజారాం ఈ మనుషుల మీద వందల కథలు రాసినారు, 1993లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది అని చెప్పినాను. కాగితంలో సాహిత్యం గది లేదు. మామిడికాయల మండీ ఫోటో తీసుకున్నారు.

టీ అంగడి పిల్లోడిని చివరగా ఒక ప్రశ్న అడిగినారు: ఈ లుంగీ వెనక నీ ప్రేరణ ఏంది? వాడు నా దిక్కు చూసినాడు. 'ప్యాంటు ఉతికి ఆరేసినాను మామా, రేపు బెంగళూరు పోవాల గదా' అన్నాడు. అది వాళ్ళు రాసుకోలేదు. ఫోటో మాత్రం నాకు పంపినారు, నేను స్టేటస్ పెట్టుకున్నాను. 'మా ఊరి యువత' అని కింద రాసినాను కూడా.

మర్నాడు రాత్రి స్టేషన్లో బండి వచ్చే దృశ్యం కావాలని మళ్ళీ వచ్చినారు. ప్లాట్‌ఫారం నిండా పండక్కొచ్చి తిరిగిపోయే పిల్లోళ్ళే. జీన్సు ప్యాంట్లు, చెవుల్లో ఇయర్‌బడ్లు, భుజాన ల్యాప్‌టాప్ సంచి, చేతిలో అమ్మ కట్టిచ్చిన అరిసెల డబ్బా. మా వాడూ వాళ్ళల్లో ఉన్నాడు. తెల్లారేసరికి బెంగళూరులో దిగి నగర యువత అయిపోతాడు. కెమెరా ఆయన వాణ్ణి గుర్తుపట్టలేదు.

'బ్రో, కొంచెం పక్కకు జరుగు' అన్నాడు. 'ఫ్రేములో పడుతున్నావు.'