నెలవంక చేతిలో నౌకరీ లెక్క

హైదరాబాద్ పత్తర్‌గట్టిలో నిరుద్యోగులు లేరు. ఉంటే చూపించండి.

మదీనా చౌరస్తా నుంచి గుల్జార్ హౌజ్ దాకా, ఏడో నిజాం కాలంలో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమానుల కింద ఒకసారి నడిచి రండి. చీరల దుకాణం గుమ్మంలో నిలబడి ‘ఆయియే బాజీ, దేఖియే బాజీ’ అని గొంతు చించుకునేవాడికి పని ఉంది. ఆ గొంతు తడపడానికి చాయ్ తెచ్చే పిల్లవాడికీ పని ఉంది; పదిహేనేళ్లు నిండలేదు కాబట్టి పెద్ద లెక్కలో వాడు కనిపించడు, అంతే. బీటెక్ పాసై మూడు చోట్ల ఇంటర్వ్యూలు తప్పి, ఇప్పుడు తండ్రి అత్తరు దుకాణంలో సీసాల మీద దుమ్ము తుడుస్తున్న కుర్రాడికీ పని ఉంది. జీతం లేదు. జీతం ఉండాలని ఎవరన్నారు?

కేంద్ర గణాంక శాఖ అనలేదు. వారి పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రకారం దేశంలో నిరుద్యోగం 2017-18లో 6.1 శాతం, 2023-24లో 3.2 శాతం. ఆరేళ్లలో దాదాపు సగానికి దిగింది. ఈ దిగుడులో నాకు బాగా నచ్చిన మెట్టు 2019-20. ఆ సర్వే ఏడాది 2020 జూన్‌తో ముగిసింది. అంటే చార్మినార్ చుట్టూ కుక్క కూడా తిరగని లాక్‌డౌన్ నెలలు అందులోనే ఉన్నాయి. అయినా ఆ ఏడాది నిరుద్యోగం 5.8 నుంచి 4.8కి తగ్గింది! అదే సర్వే పట్టణాల వారపు లెక్క తీస్తే ఆ ఏప్రిల్-జూన్ త్రైమాసికంలో 20.8 శాతం తేలింది. కానీ ఏడాది లెక్క విశాల హృదయం గలది. అది అన్నిటినీ కడుపులో పెట్టుకుంటుంది.

ఎలాగంటారా? ఏడాదిలో ఎక్కువ కాలం పని వెతుక్కుంటూ గడిపినవాడైనా సరే, మొత్తమ్మీద 30 రోజులు ఏదో ఒక పని చేస్తే ఉపాధి ఉన్నవాడి కిందే జమ. ముప్ఫై రోజులు! ఈ సంఖ్య పెట్టిన పెద్దలు ఢిల్లీలోనే ఉండి ఉంటారు గానీ, మనసు మాత్రం పత్తర్‌గట్టిలో ఉండి ఉంటుంది. ఎందుకంటే ఇక్కడ వందల మందికి ఏడాదిలో గిరాకీ ఉండేది ఒక్క రంజాన్ నెలలోనే. చెప్పులు, దుపట్టాలు, టోపీలు, సుర్మా, ప్లాస్టిక్ డబ్బాలు, ఏది దొరికితే అది బండి మీద పోసుకుని తెల్లవార్లూ అమ్ముతారు.

చిక్కల్లా రంజాన్ ఒక్కోసారి 29 రోజులకే ముగియడం. 29వ సాయంత్రం నెలవంక కనిపించిందా, బండివాడు నిరుద్యోగి. మబ్బు పట్టి కనిపించలేదా, వాడికి ఉపాధి కలిగినట్టే. దేశ ఉపాధి రేటు మీద ఇంత అధికారం రిజర్వ్ బ్యాంకుకు కూడా లేదు. నెలవంక కనిపించిందో లేదో తేల్చే రుయత్-ఎ-హిలాల్ కమిటీకి ఉంది. ఆ కమిటీని గణాంక శాఖలో విలీనం చేయమని ఒక అర్జీ పెడదామనుకున్నాను గానీ, అవసరం లేదని తేలింది. నెలవంక కనిపించిన చాంద్ రాత్ బేరం ఎలాగూ అర్ధరాత్రి దాటుతుంది. పన్నెండు కొట్టాక అమ్ముడైన ఒక్క జత చెప్పులు చాలు, తారీఖు మారింది కాబట్టి ముప్ఫయ్యో రోజు వచ్చేసినట్టే.

అంత ఓపిక లేనివారికి వారపు లెక్క ఉంది. 2025 ఏప్రిల్ నుంచి నెలనెలా వస్తున్న అంకెలకు అదే కొలబద్ద. వారంలో ఏదో ఒక రోజు ఒక్క గంట పని చేస్తే ఆ వారం మీకు ఉపాధి ఉన్నట్టు. సంభాషణ ఇలా సాగుతుందని ఊహించుకోండి:

“ఈ వారం ఏమన్న పని చేసినవా భాయ్?”

“ఏడ సార్! ఆరు రోజులు గల్లీ గల్లీ తిరిగిన, దొరకలే. శుక్రారం మా దోస్తు నమాజుకు పోతే వాని బండి కాడ గంట సేపు నిలబడ్డ. యాభై రూపాయలిచ్చిండు.”

“ముబారక్. పని ఉన్నట్టు రాసుకున్న.”

ఆరు రోజుల తిరుగుడును ఒక గంట నిలబడటం మింగేసింది. పని, వెతుకులాట రెండూ ఉంటే పనికే పెద్దపీట అని నిబంధన. ఇది అంతర్జాతీయ ప్రమాణమండీ అంటారు అధికారులు. నిజమే. కాకపోతే ఆ ప్రమాణం పాటించే ధనిక దేశాల్లో చాలాచోట్ల నౌకరీ పోయినవాడికి సర్కారు భత్యం ఇస్తుంది. వాడు కాలు మీద కాలేసుకుని నిరుద్యోగిగా ఉండగలడు. పాతబస్తీలో ఆ ఐశ్వర్యం ఎవరికుంది? సాయంత్రానికి కిలో బియ్యం కావాల్సినవాడు దేన్నో ఒకదాన్ని అమ్ముతాడు. అమ్మగానే వాడు ‘స్వయం ఉపాధి’ పొందినవాడు. 2018 జనవరిలో ప్రధానమంత్రి టీవీ ఇంటర్వ్యూలో పకోడీలు అమ్ముకునేవాడి ఉదాహరణ చెప్పింది ఇతని గురించే. స్వయం ఉపాధి వాటా 2017-18లో 52.2 శాతం, 2023-24లో 58.4. నెల జీతాల వాటా మాత్రం పెరగలేదు సరికదా, కాస్త తగ్గింది.

ఇక ఆడవాళ్ల సంగతి. సర్వేలో ప్రతి మనిషికీ ఒక కోడ్ ఉంటుంది. ఇంటి పని చేసుకునే స్త్రీ కోడ్ 92, లెక్కకు శ్రామికురాలు కాదు. లాడ్‌బజార్ వెనక గల్లీలో భర్త బొగ్గుల కుంపటి మీద లక్క కాచి గాజు చుడతాడు. ఆమె ఆ లక్క వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ చిమటాతో అద్దుతుంది. వేళ్ల కొసలు కాలి గట్టిపడ్డాయి. డబ్బు భర్త చేతికొస్తుంది, ఆమెకు విడిగా కూలి లేదు. ఇలాంటి మనిషిని ఇన్నాళ్లూ 92లో పారేశారంటే తప్పే. ఇప్పుడు అడిగి రాసుకుంటే కోడ్ 21, కుటుంబ వ్యాపారంలో జీతం లేని సహాయకురాలు. మంచిదే, ఆమె పని పనిగా నమోదైంది. కానీ ఆ నమోదును తీసుకెళ్లి ‘ఉద్యోగాల సృష్టి’ అని బ్యానర్ కట్టడం చూడండి, అక్కడుంది చమత్కారం. ఆ ఆరేళ్లలోనే మహిళల శ్రామిక శక్తి భాగస్వామ్య రేటు 23.3 నుంచి 41.7 శాతానికి లేచింది. 2023-24లో పనిచేసే స్త్రీలలో 36.7 శాతం మంది ఈ జీతం లేని సహాయకులే. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గాజుకు సర్టిఫికెట్ వచ్చింది, ఆమెకు కోడ్ వచ్చింది. కూలి ఇంకా దారిలో ఉంది.

అంకెలు మెత్తబడకముందు ఒకప్పుడు గరుకుగా ఉండేవి, గుర్తుందా? 45 ఏళ్లలో ఎన్నడూ లేనంత ఎక్కువగా తేలిన ఆ 6.1 శాతం నివేదికను బయట పెట్టలేదని 2019 జనవరిలో జాతీయ గణాంక కమిషన్ నుంచి పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి తప్పుకున్నారు. పత్రికలో అంకె పొక్కితే, అది ఇంకా ముసాయిదానే అన్నారు నీతి ఆయోగ్ వారు. ఎన్నికలయ్యాయి. మే 30న కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసింది. మే 31న నివేదిక విడుదలైంది, అంకె అదే. దాని దోషమల్లా ముహూర్తమే!

అన్నట్టు, ట్యాబ్ పట్టుకుని ఎండలో ఇల్లిల్లూ తిరిగే గణకుల మీద నాకే కోపమూ లేదు. వాళ్లలో కాంట్రాక్టు మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇచ్చిన ప్రశ్న అడుగుతారు, వచ్చిన జవాబుకు కోడ్ వేస్తారు. ఇంకా పని దొరికితే చేస్తారా అన్నదీ వాళ్లు అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి.

“ఇంకింత పని దొరికితే చేస్తవా భాయ్?”

“ఎందుకు చెయ్య సార్! మీ ఆఫీసుల ఏమన్న ఉన్నదా?”

“నాదే మార్చి దాక భాయ్.”