పద్నాలుగు రోజుల ప్రభువులకు

మహారాజరాజశ్రీ ప్రభుత్వం వారి దివ్యసముఖమునకు, అనకాపల్లి చెరకు రైతు చేసుకొను విన్నపములు.

నిన్న బ్యాంకు నుంచి ఫోనుకి మెసేజ్ వచ్చింది. పంట రుణం గడువు దాటిందట, వడ్డీ రాయితీ పోయిందట, పూర్తి వడ్డీతో కట్టాలట. చిత్తం. గడువు గడువే. మరి మిల్లుకి తోలిన చెరకు డబ్బుల గడువు మాటేమిటండీ? 1966 నాటి మీ చెరకు నియంత్రణ ఉత్తర్వులోనే ఉంది కదా, 14 రోజుల్లో చెల్లించాలని, దాటితే ఏడాదికి 15 శాతం వడ్డీ అని! నేను తోలింది కిందటేడు. వడ్డీ సంగతి దేవుడెరుగు, అసలే రాలేదు. నా బాకీకి ఒక్క రోజు ఆగని కంప్యూటర్లు నాకు రావలసిన దాని దగ్గర పడుకుంటాయేం? ఏటండీ ఇది?

మిల్లులో డబ్బు లేదంటారు. చెరకు ధర కట్టిందీ మీరే, చక్కెర కనీస ధర కట్టిందీ మీరే. 2018-19లో క్వింటా చెరకు 275, 2025-26కి 355. (అదీ 10.25 శాతం రికవరీ వస్తే!) 2019 ఫిబ్రవరిలో కిలో 31 రూపాయలు చేసిన చక్కెరని మాత్రం ఏళ్ల తరబడి అక్కడే కూర్చోబెట్టారు. తీరా మిల్లు చతికిలపడితే 'నష్టాల మిల్లు' అని పేరు పెడతారు. మూతపడ్డ మా తుమ్మపాల మిల్లుకీ అదే పేరు. ఢిల్లీ పని, అమరావతి పని అని నన్ను తిప్పకండి, నాకు ఇద్దరూ సర్కారే.

విశాఖ ఉక్కుకి కష్టమొస్తే 2025 జనవరిలో 11,440 కోట్లు దొరికాయి. దొరకాలి కూడా, మా పిల్లలూ అక్కడున్నారు. చెరకుకొస్తే అది కష్టం కాదా?

బెల్లం వండుకోమంటారు. వండుతాం. నరికిన కూలీ, వండిన కూలీ పోగా దిమ్మలు యార్డుకి చేరేసరికి మిగిలేది మసి. రంగు తగ్గితే ధర లేదు, నల్లబెల్లమైతే సారా పేరు చెప్పి ఎక్సైజ్ వాళ్లు వెంటపడతారు. 1913 నుంచీ చెరకు పరిశోధన కేంద్రం ఉన్న ఊరండీ మాది. చుట్టూ చేలల్లో ఇప్పుడు సరుగుడు లేస్తోంది.

కోపంలో ఏదో అన్నాను, మనసులో పెట్టుకోకండి బాబూ. ఆ 15 శాతం మీరే ఉంచుకోండి. అసలు ఇప్పించండి చాలు. కొత్త అమావాస్య లోగా ఇప్పించండి, నూకాలమ్మ జాతరకి ఆడపిల్లలు, అల్లుళ్లు వస్తారు.