కుక్క నల్లగా పడింది

ఆదోనిలోనూ ఎమ్మిగనూరులోనూ కుక్కలకు ఫొటోలు తీయించే రోజులొచ్చాయి. నిన్నమొన్నటిదాకా పెళ్లి ఆల్బమ్‌లూ పాస్‌పోర్టు ఫొటోలూ తప్ప ఇంకొకటి ఎరగని స్టూడియో కుర్రాళ్లు ఇప్పుడు లాబ్రడార్‌ను స్టూలు మీద కూర్చోబెట్టి, కెమెరా పక్కనుంచి బిస్కెట్ ఊపుతున్నారు. ఫొటో తీయడానికేముంది, ఎవరైనా నేర్చుకుంటారు. సగం పని ఫోనే చేసిపెడుతుంది. తీసింది నలుగురికి చూపించడం, నలుగురు చూపిస్తే మనం ఒక మాట అనడం, ఈ రెండు విద్యలు నేర్పే బడి మాత్రం ఎక్కడా లేదు. ఆ లోటు తీర్చాలనే ఈ ప్రయత్నం. ముందు మాట అనేవాళ్ల సంగతి చూద్దాం. ఎక్కడైనా ఎక్కువమంది వాళ్లే.

ఎవరైనా కుక్క ఫొటో చేతికిస్తే వెంటనే చూడకండి. కుక్కను ఎంతకు కొన్నారో అడగండి. తర్వాత కెమెరా ఎంతయిందో అడగండి. ఈ రెండు అంకెలూ తెలిశాయంటే ఫొటో ఎలా ఉందో కళ్లు మూసుకుని చెప్పొచ్చు. రాట్‌వీలర్, లక్ష రూపాయల కెమెరా అయితే బ్రహ్మాండం. వీధికుక్క, గీతలు పడిన ఫోను అయితే "ఏముందప్పా ఇందులో? మా గల్లీలో ఇట్లాంటివి పది తిరుగుతాంటాయి" అనాలి. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్లు ఎలా చేస్తారో చూసే ఉంటారు. కుప్పలోంచి గుప్పెడు తీసి, పింజ లాగి, ముందు పెదవి విరిచి, తర్వాత ధర చెబుతారు. మీరు విరిచే తీరు కూడా అలాగే ఉండాలి. వాళ్లు పత్తిని ముట్టుకుని చూస్తారన్నదొక్కటే తేడా, అంత శ్రమ మీకొద్దు.

ముధోల్ కుక్క ఫొటో అయితే "తిండి పెట్టడంల్యా?" అనండి. కర్ణాటక పక్కనుంచి వచ్చే ఆ జాతి వేటకుక్కల జాతి, పక్కటెముకలు లెక్కపెట్టుకునేలా ఉండటమే దాని ఒడ్డూపొడుగూ. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీ కుక్కజాతుల మీద బిళ్లలు వేసినప్పుడు రాజపాళయం, రాంపూర్ హౌండ్, హిమాలయన్ షీప్‌డాగ్‌లతో పాటు దీన్ని కూడా ఎక్కించింది. తపాలా శాఖకు ఎవరూ సలహా చెప్పినట్టు లేదు.

నల్లకుక్క ఫొటో చూపిస్తే మాత్రం తడుముకోకుండా అనాల్సిన మాట ఒకటుంది: "కుక్క నల్లగా పడింది." దీని వెనక పెద్ద సంప్రదాయం ఉంది. పెళ్లికూతుళ్ల మొహాలను పిండిబొమ్మల్లా తెల్లగా చేసి చేసి మన స్టూడియోల చెయ్యి తిరిగిపోయింది, అందులోంచి కుక్కను మినహాయించడం న్యాయం కాదు. ఫొటో తీసినతను తెలిసినవాడైతే మీకు పాఠం మొదలుపెడతాడు. కెమెరా లోపలున్న మీటరు ఏది చూసినా దాన్ని నడిమిరకం బూడిదరంగు కిందే లెక్కేస్తుందట, 18 శాతం బూడిద అని దానికో లెక్క కూడా ఉందట. ఫ్రేమంతా నల్లకుక్కే ఉంటే, పాపం వెలుతురు చాల్లేదనుకుని కెమెరా తనంతట తాను పెంచేస్తుంది. నిగనిగలాడే కుక్క బూడిదలో పొర్లి లేచినట్టు వస్తుంది. అందుకని నల్లకుక్కకు వెలుతురు ఒక స్టాపు దాకా, అంటే సగం దాకా, తగ్గించాలి, తెల్లకుక్కకు పెంచాలి. అంతా విని, తల ఊపి, "అయినా నల్లగానే పడింది కదప్పా" అనండి.

దసరా దాటి పత్తి యార్డుకు రావడం మొదలయ్యాక ఇంకో మంచి అవకాశం దొరుకుతుంది. పొద్దున్నే పత్తి కుప్ప మీద, మెత్తగా ఉంది కదా అని, నల్లకుక్క ఒకటి ముడుచుకుని పడుకుని ఉంటుంది. ఆ బొమ్మ చూసిన ఏ ఫొటోగ్రాఫరూ ఆగలేడు. ఫ్రేమంతా తెలుపే కాబట్టి మీటరు ఈసారి వెలుతురు తగ్గిస్తుంది. పత్తి మురికినీళ్లలో ముంచినట్టవుతుంది, కుక్కకు కళ్లే కనపడవు. తెలిసినవాడు కుక్క కంటి మీద వెలుతురు కొలుచుకుంటాడు, పత్తిలో నాలుగు పోగులు వెలిసిపోయినా పోనీ అనుకుంటాడు. అప్పుడు మీరు పత్తి గురించి మాట్లాడాలి. రకం ఏది, తేమ ఎంత, ఈ వారం క్వింటాలు ఎంత పలికింది. కుక్క అక్కడే ఉంటుంది, దాని గురించి తర్వాత చూసుకోవచ్చు.

కుక్క కంటికి సమానంగా కెమెరా ఉండాలని కొందరు వాదిస్తారు. వినకండి. నల్లరేగడి మీద బోర్లా పడుకుని కుక్కకు ఫొటో తీస్తున్న మనిషిని చూస్తే ఆదోనిలో బస్టాండ్ నుంచి కోట దాకా నవ్వుతారు. నిలబడి తీయండి, కుక్క తల గుమ్మడికాయంతా కాళ్లు అగ్గిపుల్లలంతా వస్తాయి. దగ్గరికెళ్లి ఫోనుతో తీస్తే ముక్కు ఒక్కటే మూడొంతులు వస్తుంది, అదో అందం. అమెరికాలో ఇలియట్ ఎర్విట్ అని ఒకాయన ఉండేవాడు, 2023లో పోయాడు. బతికినంతకాలం కుక్కల ఫొటోలు తీశాడు, కుక్క ఇటు చూడాలంటే తనే మొరిగేవాడు. 1974లో న్యూయార్క్‌లో ఆయన తీసిన ఫొటో ఒకటుంది: టోపీ పెట్టుకున్న బుజ్జికుక్క, పక్కన ఒకావిడ బూట్లు, ఆ పక్కన ఇంకో కుక్క కాళ్లు, అంతే. కెమెరా నేలకు ఆనించి తీసినందువల్ల బుజ్జికుక్క రాజాలా నిలబడింది, మిగతావాళ్లందరూ కాళ్ల వరకే మిగిలారు. ఆ ఫొటో ఎమ్మిగనూరులో ఏ స్టూడియో కౌంటరు మీద పెట్టినా వచ్చే మొదటి మాట నాకు తెలుసు: "ఆ పెద్దకుక్క తల యాడ పోయింది? కట్ చేసినావా?"

ఇక హావభావాలు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పూట, 40 డిగ్రీలు దాటిన ఎండలో, కుక్కను డాబా మీదకు తీసుకెళ్లి కూర్చోబెడితే నాలుక బారెడు బయటికొస్తుంది. ఒంటినిండా చెమట పట్టే ఏర్పాటు దానికి లేదు, ఒగర్చి ఒళ్లు చల్లార్చుకోవాలి. మీరు మాత్రం "ఎంత బాగా నవ్వుతాంది సూడు!" అనండి. చెవులు వెనక్కి వాల్చినా, నిద్ర రాకపోయినా ఆవులించినా, ఊరికే పెదవులు నాక్కున్నా, మొహం పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా ఓరగా చూసినా, ఇవి ఇబ్బందికి గుర్తులు. కుక్కల ఇలాంటి సైగల మీద నార్వేలో టూరిడ్ రూగాస్ అనే శిక్షకురాలు పుస్తకమే రాసింది. రెప్పవేయకుండా తనకేసే చూసే కెమెరా గాజుకన్ను కుక్కకు బెదిరింపులా తోస్తుంది. అంటే ఫొటో తీస్తున్నంతసేపూ తన అభిప్రాయం అది చెబుతూనే ఉంటుందన్నమాట. దాన్ని పట్టించుకుంటే ఫొటో సెషను పది నిమిషాల్లో ముగించి కుక్కను నీడకు పంపాల్సి వస్తుంది. గంటకు డబ్బు కట్టినవాళ్లకు అది నష్టం.

రాత్రిపూట అయితే ఫ్లాష్ సూటిగా మొహం మీద వేయించండి. కుక్క కంటి వెనక వెలుతురును తిప్పికొట్టే పొర ఉంటుంది, చీకట్లో చూపు కోసం. ఫ్లాష్ పడగానే రెండు కళ్లూ పచ్చగా భగ్గుమంటాయి. "పులి లెక్క వచ్చినాది" అంటే యజమాని పొంగిపోతాడు. కుక్క పేరు టైగర్ అయితే ఇంకా మంచిది.

వీధికుక్కల ఫొటోల్లో ఒక చెవి కొసన చిన్న కోత కనిపిస్తుంది. అది దెబ్బ అనుకుని "ఫొటోషాప్‌లో అతికించెయ్ బ్రదర్" అని సలహా ఇవ్వండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, మళ్లీ పట్టుకుపోకుండా ఉండేందుకు పెట్టే గుర్తు అది. కుక్క ఒంటి మీద ఉన్న ఏకైక సర్కారు కాగితం. మనకు అందం ముఖ్యం.

ఎమ్మిగనూరు వాళ్లకు ఒక హెచ్చరిక. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు ఇది. మగ్గం మీద కూర్చున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పొరపాటున కూడా మీ ఫొటో వాళ్లకు చూపించకండి. బాగుందనీ బాగాలేదనీ ఏదీ అనరు. కాసేపు చూసి, వేలు పెట్టి, "ఇదిగో, ఈ కంట్లో వెలుగు ఉండాది, ఈ కంట్లో లేదు. కుక్కను కొంచెం కిటికీ పక్కకు తిప్పింటే సరిపోతుండె నాయనా" అంటారు. ఒక్క పోగు తెగినా ఎక్కడ తెగిందో వెతికి పట్టే అలవాటు కదా. ఇలాంటి మాటతో వచ్చే చిక్కేమిటంటే, దాన్ని వెంటనే అమలు చేయొచ్చు. ఇంటికెళ్లి కుక్కను కిటికీ పక్కకు తిప్పుతారు, ఫొటో బాగొస్తుంది, ఇక రేపు చాయ్ దగ్గర మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక ఫొటో చూపించి మాట చెప్పించుకునేవాళ్ల సంగతి ఇంత పెద్దది కాదు. వాళ్లు నేర్చుకోవలసినవి రెండే దారులు, ఎవరి మాటా వినకపోవడం లేదా అందరి మాటా వినడం.

మొదటి దారిలో పోయేవాళ్లు ఫొటో చూపించడానికి ముందే అరగంట సంజాయిషీ ఇవ్వాలి. ఆ రోజు మబ్బు పట్టింది, కుక్క అన్నం తినలేదు, పక్కింటి పిల్లి గోడ మీద నడిచింది. చూసేవాడు నోరు తెరిచేలోపు చాయ్ చల్లారిపోవాలి. అయినా అన్నాడా, తప్పు కుక్క మీదకు నెట్టండి. అది కాదనదు. ఇంకా మొండికేస్తే దత్తాత్రేయ స్వామి క్యాలెండరు చూపించండి. స్వామి పాదాల దగ్గర నాలుగు కుక్కలు, ఒక్కటీ గోక్కోవడం లేదు, ఒక్కటీ లేచిపోవడం లేదు. నాలుగు వేదాలే ఆ నాలుగు కుక్కలంటారు కాబట్టి మన టామీని వాటితో పోల్చకూడదని ఎవరైనా అంటే, వాడికి భక్తి లేదని తేలిపోతుంది.

సలహా వింటే ఏమవుతుందో తెలియాలంటే మన తాతల ఇళ్లలోని కుక్కబొమ్మ రికార్డు చూడండి. గ్రామఫోను గొట్టం ముందు చెవి ఒగ్గి కూర్చున్న ఆ కుక్క పేరు నిప్పర్, ఇంగ్లండుది. అది 1895లో చచ్చిపోయింది. దాన్ని పెంచిన ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు తర్వాత మూడేళ్లకు గుర్తుపెట్టుకుని బొమ్మ గీశాడు. మొదట గీసింది మైనపు గొట్టాలతో పాడే ఫోనోగ్రాఫ్ ముందు. ఆ యంత్రాలు అమ్మే ఎడిసన్ బెల్ కంపెనీ మాకొద్దంది. మిత్రుడొకడు ఆ నల్ల గొట్టం బాగాలేదు, ఇత్తడిది పెడితే కళగా ఉంటుందన్నాడు. ఇత్తడి గొట్టం అరువుకోసం ఆయన గ్రామఫోన్ కంపెనీ గడప తొక్కితే, ఆ యంత్రం చెరిపేసి మాది గీస్తే మేమే కొంటామన్నారు. ఆ వెంగళప్ప గీశాడు. 1899లో బొమ్మకు 50 పౌండ్లు, హక్కులకు 50 పౌండ్లు ఇచ్చారు. ఆ తర్వాత అదే కుక్కను అదే కంపెనీకి రెండు డజన్ల దాకా నకళ్లు గీసిపెట్టాడు. ఏటవాలు వెలుతురులో చూస్తే అసలు బొమ్మలో పాత ఫోనోగ్రాఫ్ ఇప్పటికీ రంగు కింద కనిపిస్తుంది. ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి: కుక్కను మార్చమని ఏ కంపెనీ అడగలేదు, అది తల వాల్చిన తీరు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. మన చాయ్ బంకు దగ్గర అయితే అదీ మార్పించేవాళ్లం.

రెండో దారి, అందరి మాటా వినడం, ఫ్లెక్సీ షాపులో పూర్తవుతుంది. బావమరిది వెనకాల మంచుకొండలు పెట్టమంటాడు. మేనమామ ఆదోని రణమండల కొండ పెట్టమంటాడు. ఇద్దర్నీ నొప్పించకుండా మంచు కప్పిన రణమండల కొండ పెట్టిస్తారు. పిల్లలు నల్లకళ్లద్దాలు అడుగుతారు, కంటి వెలుగు గొడవ దాంతో తీరిపోతుంది. నాయన మెడలో దండ వేయమంటాడు, అమ్మ వద్దు, దండ వేస్తే పోయినవాళ్ల ఫొటోలా ఉంటుందంటుంది, చివరికి కేకు పెడతారు. రంగు తెల్లబడుతుంది, చెవి అతుక్కుంటుంది, నాలుక నోట్లోకి పోతుంది. కింద ఇంటి పేరుతో సహా కుక్క పేరు, ఆ కింద శుభాకాంక్షలు చెప్పేవాళ్ల ఫొటోలు పన్నెండు. కుక్కది అన్నిటికంటే చిన్నది.

జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతర కాబట్టి ఎమ్మిగనూరు ఫ్లెక్సీ షాపుల్లో అప్పుడు చేతినిండా పని ఉంటుంది. మీ కుక్క పుట్టినరోజు ఆ రోజుల్లో పడితే ఆర్డరు డిసెంబరులోనే ఇచ్చేయండి, ప్రింటుకు పోయేముందు పేరులో ఒత్తులూ దీర్ఘాలూ మీరే కూర్చుని సరిచూసుకోండి.