ఏడో గడి, ఎనిమిదో గడి

మధిరలో ఆదాయ ధ్రువపత్రానికి వెళ్లినా, పహాణీ నకలుకు వెళ్లినా కౌంటరు వెనక నుంచి వినపడే మంత్రం ఒకటే: "సర్వర్ డౌన్, రేపు రండి." మిర్చి కోతలు ఆపుకుని వచ్చిన రైతు మారు మాట్లాడకుండా ఆటో ఎక్కుతాడు. ఏ సర్వరు? ఎప్పటి నుంచి డౌను? అడిగితే అదేదో బూతు మాట అన్నట్టు చూస్తారు.

మనం అడగం సరే, యంత్రాన్నైనా అడగొచ్చుగా! 1988 నుంచీ దానికో పద్ధతి ఉంది, ఎస్‌ఎన్‌ఎంపీ అంటారు. స్విచ్చులూ రౌటర్లూ సర్వర్లూ తమ బాగోగుల పట్టిక పట్టుకుని 161వ పోర్టు దగ్గర కూర్చుంటాయి. అడిగే ప్రోగ్రాము పైథాన్‌లో మహా అయితే ఇరవై లైన్లు. అదీ బద్ధకమైతే 'ఎస్‌ఎన్‌ఎంపీగెట్' అని ఒక్క కమాండ్ కొట్టి 1.3.6.1.2.1.1.3.0 అనండి, యంత్రం తనలోని ఎస్‌ఎన్‌ఎంపీ భాగం లేచి ఎంతసేపయిందో సెకనులో నూరో వంతుతో సహా చెబుతుంది. సర్వే నంబరుకు బై నంబరు, దానికి అ, ఆ తోకలు మోసిన మన రైతుకు ఈ చాంతాడు ఓ లెక్కా?

అసలు సొగసు ఇంటర్‌ఫేస్ పట్టికలో ఉంది. ఏడో గడి ఇఫ్‌అడ్మిన్‌స్టేటస్: ఈ లైను ఎలా ఉండాలని పెద్దలు ఆదేశించారో అది. ఎనిమిదో గడి ఇఫ్‌ఆపర్‌స్టేటస్: నిజంగా ఎలా ఉందో అది. 1 అంటే నడుస్తోంది, 2 అంటే పడిపోయింది. రెండూ 2 అయితే ఎవరో కావాలనే ఆపేశారు. ఏడులో 1, ఎనిమిదిలో 2 ఉంటే తీగో, అవతలి పెట్టో చచ్చింది. పాపం, చాలాసార్లు సర్వరు నిక్షేపంగా ఉంటుంది, నింద మాత్రం దాని నెత్తిన. ఆదేశానికో గడి, వాస్తవానికో గడి పెట్టాలని ముప్పై ఏళ్లకు ముందే ఇంజినీర్లకు తట్టింది. మన సమీక్షా సమావేశాలకు ఏడో గడి ఒక్కటే తెలుసు. అక్కడ అన్నీ ఒకట్లే.

ఇంకో విశేషం. ఆ లేచిన సమయం లెక్క 497 రోజులు దాటగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 32 బిట్లలో అంతకు మించి పట్టదు కాబట్టి. బదిలీ అయిన అధికారి బాధ్యతలాగే.

భద్రత మాటేమిటంటారా? 2002లోనే పాస్‌వర్డులూ గుప్తలిపీ ఉన్న మూడో వెర్షన్ ప్రమాణమైంది. ఆ సాకూ చెల్లదు.

కౌంటరు మీద ఓ చిన్న తెర పెట్టి, ఆ రెండు గడులూ అందరికీ చూపించండి. దానికి కొత్త పథకం, ప్రారంభోత్సవం, రిబ్బను అక్కర్లేదు. ముందుగా మాత్రం ఒక పని చేయండి: ప్రతి పెట్టెలోనూ సిస్‌కాంటాక్ట్ అని ఓ గడి ఉంటుంది, దీని బాధ్యుడెవరో రాయడానికి. తరచూ ఖాళీగా వదిలేసే గడి అదే. 255 అక్షరాలు పడతాయి. ఒక పేరుకూ, ఒక ఫోను నంబరుకూ ధారాళంగా సరిపోతుంది.